ఏటవాలు పగులు

అద్దం పగలడం నా తప్పని ఓ సర్కారు ఆఫీసు రిజిస్టరులో రాశారు. "బిగించినవాడి నిర్లక్ష్యం" అని. అది అబద్ధం.

బాన్సువాడలో ముప్ఫై ఏళ్లకు పైగా కిటికీలకు అద్దాలు బిగించాను. ఆ ఆఫీసు పేరు చెప్పను; దాని ముందువైపు పెద్ద అద్దమూ నా చేతి పనే. ఆ కట్టడం నల్లరేగడి మీద ఉంది. వానలకు నేల ఉబ్బుతుంది, ఎండలకు కుంగుతుంది, అద్దాన్ని పట్టుకునే కిటికీ చౌకటు ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే అద్దం చుట్టూ సందు వదిలి రబ్బరు పట్టీ పెట్టాను. తర్వాత రంగులు వేయడానికి వచ్చినవాళ్లు, జల్లు లోపలికొస్తోందని, పట్టీ పీకి సందులో సిమెంటు కూరారు. నన్ను ఒక్క మాట అడిగితే కదా!

పోయిన వానాకాలం చౌకటు ఒరిగింది. అద్దం పగిలింది. నిర్లక్ష్యం నాదైంది. ఆ మాట పట్టుకుని, బీర్కూర్‌లో నాకిస్తామన్న ఇంటి పని కూడా వేరేవాళ్లకిచ్చారు.

నేను ఐదో తరగతి దాటలేదు. చిత్తుకాగితాల కొట్లో దొరికిన పుస్తకాలే నా చదువు. ఇనుములో అణువులు వరుసలుగా ఉంటాయి; పక్కకు నెడితే వరుస మీద వరుస జారి, ఇనుము వంగుతుంది. గాజులో ఆ వరుసలు లేవు. ఓర్చుకున్నంత ఓర్చుకుని ఒక్క గీత వెంట తెగుతుంది.

పారేసిన అద్దం ముక్కలు ఏరి, బస్తాలో మోసుకుపోయి ఆఫీసు వరండాలో పేర్చాను. చౌకటు నొక్కిన పై మూల నుంచి ఎదుటి కింది మూలకు ఏటవాలుగా పోయింది పగులు. నా కోతలో గాటుంటే పగులు ఆ గాటు దగ్గరే పుట్టేది. నేను కోసిన అంచులన్నీ నున్నగా ఉన్నాయి.

"పెద్దమనిషి అద్దానికి పోస్టుమార్టం జేస్తుండు," అని గుమాస్తా నవ్వాడు.

కుర్ర ఇంజనీరు వంగి కూడా చూడలేదు. "తాతా, అద్దమన్నంక పగుల్తది. గింతదానికి లొల్లేంది?"

"పగుల్తది బిడ్డా. నా చెయ్యి పగలగొట్టిందా, మీ సిమెంటు పగలగొట్టిందా? గా మూల జూసి చెప్పు. జూసినంక నా తప్పేనంటే గీడనే ఒప్పుకుంట."

"మీటింగున్నది తాతా, ఇగ పో."

నేను కొత్త అద్దం అడగలేదు, క్షమాపణ అడగలేదు. రిజిస్టరులో ఆ ఒక్క మాట కొట్టేయమన్నాను. నాలుగు అర్జీలు పెట్టాను. ప్రతి అర్జీకీ పగులు బొమ్మ గీసి జత చేశాను. చివరికి జవాబొచ్చింది:

"మీ అర్జీలు పరిశీలించడమైనది. సదరు కిటికీకి అద్దం బదులు రేకు బిగించడమైనది. ఇకమీదట పగిలే అవకాశం లేనందున మీ అర్జీలు ముగించడమైనది."