పాతరలో ఆరిన కందిలి

మా నాయన తుపాకీ దెబ్బకు చనిపోలేదు. జొన్న పాతరలో ఊపిరాడక చనిపోయాడు. నారాయణఖేడ్‌లో ఇప్పుడు ఈ మాట చెబితే నమ్మేవాళ్లు లేరు. అందరూ నాటకం చూశారు.

ఆ నాటకం రాసింది మా వాడలో అద్దెకుండే సారు. నిజాం కాలం ముచ్చట్లు కావాలని వస్తే నేనే కూర్చోబెట్టి చెప్పాను. సర్కారు గుంజుకునే లెవీ ధాన్యానికి దొరక్కుండా మా వాకిట్లో పాతర తవ్వి జొన్నలు దాచారు. పాతర మూత తీయగానే మనిషి దిగకూడదు, లోపలి గాలి చంపేస్తుంది. ముందు తాడుకు కట్టి వెలిగించిన కందిలి దించాలి. దీపం నిలిస్తే దిగాలి, ఆరితే ఆగాలి. ఆ రోజు ఇంట్లో గింజ లేదు, మేం ఆకలికి ఏడుస్తున్నాం. నాయన కందిలి కోసం ఆగలేదు. దిగాడు, పడిపోయాడు. అమ్మ కేకకు మేనమామ ఉరికొచ్చి కందిలి దించాడు. ఆరిపోయింది. ఆరిందని చూసి కూడా, బావ కోసం దిగాడు. ఇద్దరినీ తాళ్లతో పైకి లాగేసరికి ప్రాణాలు లేవు.

వింటూ సారు కళ్లు తుడుచుకున్నాడు. అడిగితే చాట కూడా ఇవ్వని దాన్ని, నాటకానికి కావాలంటే ఆ కందిలి ఆయన చేతిలో పెట్టాను.

నాటకం నాటి సాయంత్రం బడి మైదానంలో నా పక్కన మా మరదలు కూర్చుంది. ఆ మేనమామ బిడ్డే. తండ్రి పోయినప్పుడు తల్లి కడుపులో ఉంది. తండ్రి గురించి ఆమెకున్నదంతా నేను చెప్పిందే.

మేనమామ వేషగాడు కందిలి పైకెత్తి ఊపాడు. ఆ సైగకు నిజాం జవాన్లు వచ్చారు. నాయన వేషగాడు రొమ్ము విరిచి చాలాసేపు మాట్లాడి, గుండు దెబ్బకు ఒరిగాడు. జనం మేనమామను బూతులు తిట్టారు. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది.

తెల్లారి సారును నిలబెట్టి అడిగాను. "మా మామ ఎవలకు సైగ చేసిండు సారూ?"

"ఊపిరాడక సచ్చిండంటే నాటకం ఎట్ల నిలవడ్తదవ్వా? ఎవడో ఒకడు దగా చెయ్యాలె. నేను పేర్లు పెట్టలే గదా."

"పేరెందుకు? కందిలి మా ఇంటిదని వాడకంత ఎరుకే."

మారుస్తానన్నాడు. కల్హేర్‌లో ఆడినప్పుడూ మేనమామ కందిలి ఊపుతూనే ఉన్నాడట. అక్కడ చప్పట్లు ఇంకా ఎక్కువట. తర్వాత అద్దం తోమించి, కొత్త వత్తి వేయించి కందిలి వాపసు పంపాడు.

ఒకరోజు అంగడిలో మరదలిని చూసి కూరగాయలామె పక్కామెతో, "కందిలోళ్లు వస్తున్రు, గల్లా పెట్టె జర దాచుకో" అని నవ్వింది. మరదలు ఏమీ కొనకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది.

"నిజం చెప్పు వదినా. నేను ఏడుస్తనని నాకు వేరే కథ చెప్పినవా?"

నా కళ్లతో చూశానన్నాను.

"నువ్వప్పుడు చిన్నపిల్లవు. సారు సదువుకున్నోడు, ఊరికే రాస్తడా?"

 నేను చూసింది తప్ప చూపించడానికి నా దగ్గర ఏముంది?

పోయిన పెద్దలను తలుచుకునే పెత్రమాసకు ఇద్దరి పేరా ఒకే చాటలో బియ్యం ఇవ్వడం మా అమ్మ పెట్టిన కట్టడి. ఒకే గుంతలో పోయినవాళ్లకు రెండు చాటలెందుకనేది. ప్రతి ఏడూ మరదలు వచ్చి, నా బియ్యం మీదనే తన బియ్యం పోసేది. ఈ ఏడు వేరే చాట తెచ్చుకుంది. నేను నా చాట ఆమె వైపు జరిపాను.

"వద్దొదినా. మా నాయనను మీ నాయన పక్కన పెట్ట నాకు చెయ్యొస్తలేదు."

తన చాట తీసుకుని గడప అవతల కూర్చుంది.