మొదటి కేసెట్లోనే పోయిన మావయ్య

మనిషిని చంపడానికి కత్తులూ కటార్లూ అక్కర్లేదండీ, అద్దెకు తెచ్చిన వీసీఆర్ ఒకటుంటే చాలు. ఇంటిల్లిపాదీ చూస్తుండగా, పట్టపగలు, కూర్చున్నచోటునుంచి కదలకుండా మా మావయ్యను చంపేశాను నేను. కంగారుపడకండి, ఆయన ఆ తర్వాత చాలాకాలం సుఖంగా బతికాడు. చావు అంచుదాకా వెళ్ళొచ్చింది నా పెళ్ళి.

ఎనభైల నాటి మాట. మావయ్యది వన్ టౌన్‌లో ఇల్లు, పోర్టులోకి పెద్ద ఓడల్ని లాక్కొచ్చే టగ్గు పడవను నడిపే సరంగు ఉద్యోగం. పడవ చిన్నదే గానీ మీసం మాత్రం ఓడంత. ఒక్కగానొక్క కూతురు రవణ. మేనరికం ఉన్నా సరే, ఓడలవాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడగలిగినవాడికే పిల్లనిస్తానని ఆయన పంతం. నేనేమో ఇనప ఖనిజం ఎగుమతి చేసేచోట గుమాస్తాని. ఖనిజం కోసం జపాను ఓడలొచ్చేవి. ఆ నావికులతో నా సంభాషణ దణ్ణంతో మొదలై వాళ్ళిచ్చే సిగరెట్‌తో ముగిసేది. అయినా మావయ్య దగ్గర మాత్రం, "జపాను భాషెంత మావయ్యా, మన మాటకి కాస్త ఉప్పు తగ్గిస్తే అదే" అని కోసేశాను.

దేవుడు వినేశాడు. విదేశీ సరుకులమ్మే భాయ్ మావయ్యకు వీసీఆర్ అద్దెకిస్తూ, ఎవరూ తీసుకోని జపాను కార్టూన్ బొమ్మల కథ కేసెట్లు ఊరికే చేతిలో పెట్టాడు. చుక్కల మధ్య తిరిగే ఓడ, తెల్లటోపీ కేప్టెన్, ఆయన కింద పనిచేసే కళాసీలు, ఒక మంత్రగత్తె.

"అల్లుడూ, ఏటంతన్నారో సెప్పు" అన్నాడు మావయ్య.

చెప్పాను. ఎలా చెప్పాననుకున్నారు! హరికథ దాసు కూడా మధ్యలో మంచినీళ్ళకు ఆగుతాడు, నేను ఆగలేదు. "ఆ కేప్టెన్ అచ్చం నువ్వే మావయ్యా. అదే ఠీవి, అదే టోపీ. కళాసీలు కూడా ఆ మాటే అనుకుంటున్నారు" అన్నాను. మావయ్య లోపలికెళ్ళి డ్యూటీ టోపీ పెట్టుకొచ్చి కూర్చున్నాడు.

ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో ఇరుగుపొరుగు కిక్కిరిసేవారు. కేప్టెన్ ఎవరితోనూ మాట్లాడడని గమనించి మావయ్య కూడా మాటలు మానేశాడు. చేత్తో సైగలే. అత్తయ్య సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది, జబ్బేమోనని.

మధ్యలో రవణ ఒక్కతే పుల్ల పెట్టేది. గుమ్మంలో రొయ్యలు ఒలుస్తూ, తల ఎత్తకుండా అడిగేది.

"బావా, అందరూ కేప్టెన్ ముందు కంచం ఎడతారు గాని, ఆయన ముద్ద ముట్టడేటి?"

"శనివారం. ఒంటిపూట."

మరుసటి ఆదివారం, "ఇయాల కూడా శనివారమేనా?"

"చుక్కల్లో వారమంతా శనివారమే."

మావయ్య అప్పటినుంచి కంచం ముందు పెట్టించుకుని, ముట్టకుండా కూర్చునేవాడు. బొమ్మ అయ్యాకే భోజనం.

"కేప్టెన్‌కి ఎండలో నిలబడ్డా నీడ పడదేటి బావా?"

"బొమ్మలేసినవాడు బద్ధకస్తుడు."

చివరి కేసెట్ వచ్చింది. కళాసీలు ఒక పెట్టె మీద తెల్లటోపీ ఉంచి తలలు వంచారు. మంత్రగత్తె భోరున ఏడ్చింది. "కేప్టెన్‌కి ప్రమోషనొచ్చింది, వీడ్కోలు సభ" అన్నాను నేను, తొణక్కుండా.

రవణ రొయ్యల గిన్నె పక్కన పెట్టింది. "మొదటి కేసెట్ ఎట్టు బావా."

పెట్టాను. ఓడకు ఉల్క తగిలింది, పొగలో కేప్టెన్ ఒరిగిపోయాడు. అప్పట్లో నేను 'కునుకు తీస్తున్నాడు' అన్నది అక్కడే.

"పోయినోళ్ళకి మనం ఎడతాం సూడు, ఆ కంచం బావా అది" అంది రవణ నిదానంగా. "ఆయన మొదటి కేసెట్లోనే పోయాడు. అప్పట్నించీ ఆ మంత్రగత్తెకొక్కదానికే అవుపిత్తన్నాడు."

చందనం ఒలిచిన అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికొక్కసారైనా దొరుకుతుంది. మా కేప్టెన్ నిజరూపం తెలియడానికి అన్ని ఆదివారాలు పట్టింది. గదిలో తలలన్నీ ఒక్కసారి మావయ్యవైపు తిరిగాయి. తెల్లటోపీ, బిగుసుకున్న మొహం, ముందు ముట్టని కంచం. అత్తయ్య పరుగున వచ్చి ఆ కంచం లాగేసింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మరీ పెద్దదైతే మావయ్యే మిగలడు.

"అచ్చం నాలాగే అన్నది జపానోడా, నువ్వా?" అన్నాడు మావయ్య. నేను వీసీఆర్ కట్టేశాను. "సర్లే. మొదటి కేసెట్లోనే పోయినోణ్ణి, పిల్లనియ్యడానికి నానెవుర్ని? మీ అత్తనడుగు."

అత్తయ్య రవణను చూసింది. రవణ మళ్ళీ రొయ్య అందుకుంది. "బావకి జపాను రాదని మొదటి ఆదివారమే తెలిసిందమ్మా. ఇంత అబద్ధం తడుముకోకండా ఆడేవోడు ఈ పోర్టులో ఇంకోడు దొరకడు. నాను సేసుకుంతాను."

పెళ్ళి జరిగింది. పెళ్ళి భోజనాల్లో మావయ్య తెల్లటోపీ పెట్టుకుని విస్తరి ముందు కూర్చున్నాడు. ముట్టడు, మాట్లాడడు. ఆయన ముద్ద ఎత్తందే బంతిలో ఎవరూ ఎత్తరు. పప్పు చల్లారిపోతోంది. దగ్గరకెళ్ళి వంగితే, పెదవి కదపకుండా, "సెప్పు, అందరికీ ఇనబడాల" అన్నాడు.

పెళ్ళిబట్టల్లో, చేతులు కట్టుకుని, బంతి మొత్తానికీ చెప్పాను. "మా మావయ్య బతికే ఉన్నాడు."

"నెయ్యేదీ?" అన్నాడాయన, ముద్ద కలుపుతూ.

అందుకే సింహాద్రి అప్పన్న సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకమీదట తెరమీద పెద్దమనిషి ఎవరు కనిపించినా సరే, ఆయన కడుపునిండా తిని త్రేన్చేదాకా నేను నోరు విప్పను.