సొరుగుల మామ పిట్టల కాపురం

బీరువాల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన పని ఒక్కటే, సొరుగులు సాఫీగా జరిగేలా చూడటం. వేలితో తోస్తే చప్పుడు లేకుండా లోపలికి వెళ్లాలి, లాగితే చెయ్యి వెంట రావాలి. అందుకే వీధి వీధంతా ఆయన్ని సొరుగుల మామ అంటుంది. రిటైరయ్యాక సొరుగులు పోయాయి గానీ చేతులు పోలేదు కదా, అవి ఊరుకుంటాయా? వరండాలోకి ఒక జత ఎర్రముక్కు ఫించ్ పిట్టలు వచ్చాయి. పిట్టలతో మామకూ, అంతకంటే ఎక్కువగా మామతో పిట్టలకూ కష్టాలు మొదలయ్యాయి.

పంజరం మాత్రం వంకపెట్టడానికి లేకుండా చేశాడు. చెక్కపెట్టెకి ముందువైపు తీగల తలుపు, నడుమ గాడి, గాడిలో జారే అడ్డుపలక. కొత్తగా తెచ్చిన జత పొడుచుకోకుండా ముందు చెక్కపలక దించాలి. నాలుగు రోజులు పోయాక దాన్ని తీసి తీగల పలక పెడితే ఒకదాన్నొకటి చూసుకుని మాలిమి అవుతాయి. ఆ తరవాత అదీ తీసేస్తే పంజరమంతా ఒకటే ఇల్లు. అడుగున వల, వల కింద రెట్టలు పడే రేకు పళ్లెం. ఆ పళ్లెం బీరువా సొరుగులాగే జరుగుతుంది. పిట్టల్ని పెంచేవాళ్లు వచ్చి చూసి, నోరెళ్లబెట్టి, అలాంటివే తమకూ చేయించుకుపోయారు. వాళ్ల పంజరాల్లో పిల్లలు కిచకిచలాడుతున్నాయి. మామ పంజరంలో మాత్రం ఆడపిట్ట గుడ్లు పెట్టడం, వదిలేయడం, మళ్లీ పెట్టడం, మళ్లీ వదిలేయడం.

తప్పంతా పంజరానిదే అని మామ నమ్మకం. పిట్ట గుడ్ల మీద కూర్చుందంటే చాలు, ఆయనకో ఆలోచన పుట్టేది. వల కన్నాలు పెద్దవి, పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి, మార్చాలి. మార్చాక పళ్లెం కాస్త గీరుకుంటోంది, ఆకురాయితో రుద్దాలి. రుద్దాక పలక వదులైంది, బిగించాలి. పొద్దస్తమానం పంజరంలో ఒక చెయ్యి, పంజరం మీద ఒక సుత్తి. పిట్టలు బెదిరి గూడు దిగి మూలన నక్కేవి, గుడ్లు చల్లబడిపోయేవి. వీటికి సంసారం మీద ధ్యాస లేదని మామ తేల్చేసేవాడు.

మామ భార్యకు మాత్రం ఓపిక అయిపోయింది. పిట్టలు వచ్చిన రోజే ఆమె కుట్టుమిషన్ వరండాలోంచి వంటింటి మూలకి వెళ్లింది. అక్కడ వెలుతురు లేక సూదిలో దారం ఎక్కించడమే ఆమెకు పెద్ద పనైపోయింది. ఈ విడత గుడ్లు కూడా పొదగకపోతే పిట్టల్ని ఎవరికైనా ఇచ్చేసి తన వరండా తనకు ఖాళీ చెయ్యమని తెగేసి చెప్పింది. మామ సరేనన్నాడు గానీ గుండెలో రాయి పడింది. ఆ పిట్టలు కూడా పోతే పొద్దున్నే లేచి చెయ్యడానికి తనకేమీ ఉండదు. ఆ ముక్క భార్యతో అనలేదు, అనడం ఆయనకు చేతకాదు.

సరిగ్గా అప్పుడే, ఆడపిట్ట గుడ్ల మీద కూర్చున్న మర్నాడే, ఆయన కంట్లో శుక్లానికి ఆపరేషన్ పడింది. తల వంచకూడదు, దుమ్ములోకి వెళ్లకూడదు, పిట్టల దరిదాపులకు పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మామ లోపలి గదిలో కంటికి కట్టుతో మంచం ఎక్కాడు. ఇక అక్కణ్ణుంచే రాజ్యపాలన సాగింది. భార్యను వల మీద అట్ట పరవమన్నాడు, పళ్లెం రోజూ కడగమన్నాడు, వీధి కనిపించకుండా చెక్కపలక అడ్డం పెట్టమన్నాడు, మర్నాటికి ఆలోచన మారి తీసెయ్యమన్నాడు. ప్రతిదానికీ వరండాలోంచి, "ఆఁ, అయింది" అని జవాబు వచ్చేది. ఇంత చెప్పినమాట వినే మనిషిని ఇన్నేళ్లూ గుర్తించలేకపోయానే అని మామ మంచం మీదే మురిసిపోయాడు.

ఒకరోజు ఆయన చెవికి సన్నటి గోల వినపడింది. ఆకలేసిన పిల్లలు నోళ్లు తెరిచి చేసే గోల. మామకు కళ్లనీళ్లు ఆగలేదు, కళ్లు తడవకూడదని డాక్టరు చెప్పాడని గుర్తొచ్చినా ఆగలేదు. చూడటానికి వచ్చిన బావమరిదిని కూర్చోబెట్టి, అట్ట పరవడంలోనే అసలు కిటుకంతా ఉందని వాడి చెవులు చిల్లులు పడేలా వివరించాడు.

కట్టు విప్పిన రోజు తిన్నగా వరండాలోకి నడిచాడు. వల మీద అట్ట లేదు. పళ్లెంలో రెట్టలు పేరుకుపోయి ఉన్నాయి. చెక్కపలక మీద దుమ్ము ఎక్కడిదక్కడే ఉంది. గూట్లో మాత్రం చిన్న చిన్న తలలు కదులుతున్నాయి.

"నేను చెప్పినవేవీ చెయ్యలేదా?" అని భార్యను అడిగాడు.

"ఒక్కటీ చెయ్యలేదండీ. గింజలు, నీళ్లు పెట్టి తలుపేశాను, అంతే."

మామ మొహం చిన్నబోయింది. కానీ ఆయన చెయ్యి అప్పటికే పళ్లెం పిడి మీదికి వెళ్లింది. అది ఇంకా కదలనే లేదు, తల్లిపిట్ట గూడు వదిలి ఎగిరి మూలకి పోయింది. గూట్లో గోల ఆగిపోయింది. మామ చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

ఆమె కోప్పడలేదు. పిట్టల్ని ఎవరికీ ఇవ్వక్కర్లేదని, వరండాకి నడుమ ఒక తీగల అడ్డు, దానికి తలుపు చేసిపెడితే చాలని అంది. మామకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు.

"మిషన్ ఇటూ, పంజరం అటూ, అంతేగా?" అని అడిగాడు.

"మిషనూ, పంజరమూ, నేనూ అటు. మీరు ఇటు."

టేపు పట్టుకుని మామ చాలాసేపు గూటివైపే చూశాడు. తల్లిపిట్ట మెల్లగా తిరిగొచ్చి పిల్లల మీద సర్దుకుంది. ఆ తరవాత తలుపు చేశాడు. అది సొరుగంత సాఫీగా జరుగుతుంది. గడియ ఎటువైపు ఉండాలో ఆమె చెప్పలేదు. మామే దాన్ని ఆమె వైపు బిగించాడు, తీగల్లోంచి తన చెయ్యి అందనంత దూరంలో.