చెయ్యి వేస్తే పిలిచే స్తంభం

కోసి అనే తల్లి తన కూతురి కోసం ఒక్కసారి పాడి ఊరుకోవలసిన పాటను మేము రోజుకు రెండు వందల సార్లు పాడిస్తున్నాం. మేము అంటే పెద్ద నగరం నుంచి వచ్చిన కళాకారుల బృందం, వాళ్ళకు దుబాసీగా తిరిగిన నేను.

కోసిది గొల్లపల్లి దగ్గర ఒక పల్లె. రెండెకరాల మెట్ట, వేసవిలో ఇప్పపూలు, తునికాకు. కూతురు సన్నేకు పదిహేడేళ్ళప్పుడు వానాకాలంలో జ్వరం వచ్చింది. ఆసుపత్రికని మంచానికి కర్రలు కట్టి మోసుకొస్తే వాగు పొంగి ఉంది. నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నారు. నీళ్ళు తగ్గాయి. అప్పటికి పిల్ల చల్లబడిపోయింది.

కోసి ఇంటివాళ్ళలో, పోయినవాళ్ళకు పొలం గట్టున రాయి నిలబెడతారు. ఆ రోజు తల్లి రాతి మీద చెయ్యి వేసి, పోయిన మనిషిని పేరుపెట్టి పిలిచి, ఎక్కడ తిరుగుతున్నా వచ్చి ఇక్కడ కూర్చోమని పాడుతుంది. ఆ మనిషి కోసం ఆ పాట మళ్ళీ ఎవరూ పాడకూడదు. పాడితే పోయినవాళ్ళు తమను పిలిచారనుకుని రాయి దగ్గర నుంచి లేచి వస్తారు. పొరపాటున ఎవరి నోట వచ్చినా వెంటనే అక్కడే చెయ్యి వేసి, పిలవలేదని చెప్పి వెనక్కి పంపాలి.

సన్నేకు రాయి నిలబెట్టిన రోజునే మేము ఆ ఊరికి వెళ్ళాం. బృందానికి పెద్ద ముకేష్ సార్. ఊళ్ళలో వినిపించే చప్పుళ్ళు పోగుచేయడం ఆయన పని. కోసి పాడుతుంటే మైకు ఆమె గడ్డం దాకా తీసుకెళ్ళాడు. పాట అయ్యాక హిందీలో ఉన్న కాగితం మీద వేలిముద్ర అడిగాడు.

"ఏంది లక్ష్మణా ఇది?" అని కోసి నన్ను అడిగింది.

"ఏం లేదు పెద్దమ్మా. నీ పాట దాచుకుంటరంట."

బట్టల పెట్టెలో ఫొటో దాచుకున్నట్టు అనుకుందేమో, వేలు చాపింది. బహిరంగ స్థలాల్లో, ఎన్నిసార్లయినా వినిపించవచ్చని ఆ కాగితంలో ఉంది. నేను చదివాను. కిరాణా పొట్లాల కాగితాలు కూడా వదలకుండా చదివి చదువు నేర్చుకున్నవాణ్ణి. ఆ రోజు అక్కడ ఆ కాగితం చదవగలిగిన ఇక్కడి మనిషిని నేనొక్కణ్ణే. పైకి చదవలేదు.

నాలుగు నెలలకు మా గొల్లపల్లి బస్టాండులో ప్రయాణికులు కూర్చునే హాల్లో ఐదు టేకు స్తంభాలు నిలబెట్టారు. ఒక్కోదాని లోపల రాగి పట్టీ, చిన్న కంప్యూటరు. అరచెయ్యి వేస్తే స్తంభం మోగుతుంది, తీస్తే ఆగుతుంది. ఒకటి వేణువు, ఒకటి వాన, ఒకటి దంపుడు, ఒకటి సంత గోల. ఐదోది కోసి. పొద్దున్నే స్విచ్చి వేసి, చేతుల మరకలు తుడిచే పని నాకిచ్చారు.

జనం చేతులన్నీ ఐదోదాని మీదే. కండక్టరు ఉంగ బస్సు దిగుతూనే, ఆ గొంతుకు సరదాగా వరస కలిపి, "లక్ష్మణ్, మా అత్తను జర ఏడిపించి వస్త" అని వెళ్ళి చెయ్యి వేసేవాడు. కుర్రాళ్ళు దాన్ని కావలించుకుని సెల్ఫీలు దిగేవాళ్ళు.

శుక్రవారం సంతకు చింతపండు గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన కోసి రోడ్డు మీద తన గొంతు తానే విన్నది. గంప అక్కడే దింపి లోపలికి వచ్చింది.

"ఎవలు పిలిచిన్రు నా బిడ్డను?"

పిల్లను వెనక్కి పంపాలని స్తంభం మీద చెయ్యి వేసింది. స్తంభం పాడింది. ఉలిక్కిపడి చెయ్యి తీసింది. ఆగింది. మళ్ళీ వేసింది. స్తంభం మళ్ళీ సన్నేను రమ్మని పిలిచింది. ముసలామె సరదా పడుతోందనుకుని హాల్లో జనం చప్పట్లు కొట్టారు.

"కరెంటు తియ్యి లక్ష్మణా. ఒక్క మాట చెప్పి పోత."

తీగ పీకేశాను. కోసి రెండు చేతులూ వేసి, నుదురు ఆనించింది. "సన్నే, నిన్నెవ్వలు పిలవలే బిడ్డా. పో. పోయి కూసో." గంప ఎత్తుకుని బయటికి నడిచింది. నేను తీగ పెట్టాను. ఆమె రోడ్డు దాటకముందే ఎవడో చెయ్యి వేశాడు.

అప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం వచ్చేది. నేను తీగ పీకడం, ఆమె పిల్లను పంపడం, నేను మళ్ళీ పెట్టడం. తొమ్మిదో వారం ముకేష్ సార్ ఫోన్ చేశాడు. శుక్రవారాలు కాసేపు స్తంభం నుంచి వచ్చే చేతుల లెక్క ఆగిపోతోంది, ఎందుకని అడిగాడు. ఉన్నదంతా చెప్పాను. వింటే తీసేస్తాడనుకున్నాను.

"అద్భుతం," అన్నాడు. "అన్నిటికంటే చేతులు ఎక్కువసేపు ఆగేది దాని మీదే లక్ష్మణ్. ఆమెను పక్కన కూర్చోబెట్టి వీడియో తీద్దాం. అడిగి చూడు."

వారంలో వాళ్ళ మనిషి వచ్చి, తీగ పీకినా ఆగకుండా స్తంభం లోపల బ్యాటరీ పెట్టి తాళం వేసి పోయాడు. దాన్ని ఆపడం ఒక గొడ్డలితో అయిపోయే పని. గొడ్డలి లేని ఇల్లు మా దగ్గర లేదు. నేను మర్నాడు పొద్దున్న వెళ్ళి మరకలు తుడిచాను.

ఆ శుక్రవారం కోసి గంప లేకుండా వచ్చింది. చిక్కిపోయింది. బ్యాటరీ సంగతి చెప్పాను.

"నా చేతుల్ల లేదు పెద్దమ్మా."

"వచ్చేపోయేటోళ్ళ అందరి చేతుల్ల ఉన్నది. నీ ఒక్కని చేతులనే లేదా?"

వీడియో మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఆమె ఈసారి స్తంభాన్ని ముట్టుకోలేదు. దానికి ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. ఎవరో చెయ్యి వేశారు. పాట మొదలైంది, పూర్తి కాకుండానే ఆగింది. ఆమె లేచి కొంగు దులుపుకుంది.

"నేను పోతే రాయి నిలబెట్టొద్దని, పాడొద్దని మావోళ్ళకు చెప్పిన లక్ష్మణా. పిల్ల ఈడ నిలబడుంటే నేనాడ ఒక్కదాన్ని కూసోని ఏం జేస్త? ఈ బెంచీ మీదనే ఉంట. నువ్వు తుడిచేటప్పుడు జరగమను, జరుగుత."