రాతి నేల మీద మూడంతస్తులు

ఊర్మిళకు ఒక పిచ్చి. ఎక్కడికెళ్లినా ఇళ్లకేసే చూస్తుంది. పాపం, చూడదూ మరి! ఐర్లండుకొచ్చి పదకొండేళ్లు, ఎనిస్ ఊళ్లో మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అయినా అద్దె ఇళ్లు మారడమే సరిపోయింది. ఇప్పుడున్న నాలుగో ఇల్లు కూడా అమ్మేస్తానంటున్నాడు ఓనరు.

కరోనా పుణ్యమా అని ఇన్నాళ్లూ ఆగాడు. జనం ఐదు కిలోమీటర్లు దాటకూడదన్నంత కాలం, అద్దెకున్నవాళ్లను కదిలించకూడదని కూడా రూలుండేది. ఏప్రిల్లో దారులు తెరిచారు, జిల్లా అంతా తిరగొచ్చన్నారు. ఇంకో పది రోజుల్లో ఆ రెండో రూలూ పోతుంది. నవ్వాలో ఏడవాలో తెలియని శుభవార్త.

"ఇంట్లో కూర్చుని ఏడిస్తే ఇల్లు ఆగుద్దా? బరెన్ పార్కు చూసొద్దాం పద" అన్నాడు భర్త దేవదాసు.

కారోఫిన్ అనే ఊరు దాటాక రోడ్డు సన్నబడింది. నడిమధ్య గడ్డి మొలిచింది. ఎదురుగా ట్రాక్టరొస్తే దేవదాసు అర కిలోమీటరు వెనక్కి పోనిచ్చాడు, నోటికొచ్చినవన్నీ తిట్టుకుంటూ. కారు దిగి, బాణం గుర్తులు చూసుకుంటూ కాలిబాట పట్టారు. అడ్డంగా ఉన్న రాతిగోడ సందు దాటగానే ఊర్మిళ టక్కున ఆగిపోయింది.

అమ్మ బాబోయ్! చెట్టు లేదు, మట్టి లేదు. కనుచూపు మేరా బూడిదరంగు రాయే. కొండలు కూడా పొరలు పొరలుగా రాయే. వానలు కురిసే ఈ దేశంలో ఇంత ఎడారి ఎక్కడ దాక్కుందో! ఏడాదిగా నాలుగు గోడలే చూసిన కళ్లు తడిశాయి. "స్వామీ" అంటూ చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.

దణ్ణం పెట్టిన చెయ్యి ఊరికే ఉంటుందా? తిరుమల కొండ మీద శ్రీవారి పాదాల దగ్గర రాయి మీద రాయి పేరిస్తే సొంతిల్లు వస్తుందని మనవాళ్ల నమ్మకం. రాతి పలకల మధ్య కాస్త చదునుగా ఉన్న గడ్డి చూసి మూడంతస్తులు కట్టేసింది.

"అమ్మా, డోంట్! రాళ్లు పేర్చొద్దని బోర్డు మీద రాశారు!" అని కూతురు వర్షిత అరుస్తూనే ఉంది. ఈలోపు పార్కులో దారులు చూసుకునే నోరా అనే పెద్దావిడ వచ్చేసింది, ఆరడుగుల దూరంలో నిలబడి మాస్కు సర్దుకుంది. కోప్పడలేదు. "ఎక్కడి రాళ్లు అక్కడ పెట్టేయమ్మా. వాటి కింద బతికేవి ఉంటాయి" అంది ఇంగ్లీషులో.

ఊర్మిళ రాళ్ల వంక చూసుకుంది. పది రోజుల్లో ఇల్లు పోతోంది, ఇప్పుడు మొక్కుకున్న ఇంటినీ చేతులారా కూల్చుకోవాలా? సరే, పై రాయి తీసింది. రెండోది తీసింది. అడుగు రాయి ఎత్తేసరికి చెయ్యి ఆగిపోయింది.

గడ్డిలో ఒక నీలిపువ్వు, గోరంత. ఇంత నీలం ఊర్మిళ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ రాతి ఎడారిలో, చిటికెడు మట్టిలో కాపురం పెట్టుకుంది. ఊర్మిళ పెట్టిన రాయి బరువుకు మెడ వాల్చేసింది.

ఊర్మిళ మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. వేలి కొనతో దాని తల పైకి లేపింది.

"తప్పయిపోయిందే తల్లీ" అంది. "నిన్ను ఖాళీ చేయించబోయాను."