నీడ కోసం కాచుకున్న మధ్యాహ్నం

ఆ లోయలో మేము దిగింది సెప్టెంబరు చివర్లో. తొంభైల్లో మాట. లేహ్ నుంచి ట్రక్కులో రెండు దినాల దారి. దిగతానే ఆ ఎత్తుకు తలనొప్పి పట్టుకుంది. హవల్దార్ గఢ్వాల్ కొండల మనిషి. అందరినీ నిలబెట్టి చెప్పినాడు: "పరిగెత్తొద్దు. గట్టిగా అరవొద్దు. దప్పిక లేకపోయినా నీళ్లు తాగండి."

అది చలి ఎడారి. ఎడారి అంటే ఇసకే అనుకుంటారు మనోళ్లు. ఆడ ఇసక తక్కువ, రాయి ఎక్కువ. చెట్టు లేదు, వాన లేదు. దాని ముందర మన అనంతపురం కరువు పచ్చని చేనే అనుకోండి. రెండు పక్కలా నిట్టనిలువు కొండగోడలు, నడుమ సన్నని నది. ఆ గోడల రంగులు చెప్తే మీరు నమ్మరు. ఒక పొర వంకాయ రంగు. దాని పక్కనే పాచి పట్టినట్టు పచ్చ. వాటి మధ్యలో పలుగురాయి లావుపాటి తాడు మాదిరి తెల్లగా పోతాది. ఇంకొంచెం పైకి పోతే వేడినీళ్ల ఊట, గంధకం కంపు. ఊట చుట్టూ తెల్లగా పొక్కు కట్టి ఉండాది. గీరి చూస్తే వెలిగారం. మా ధర్మవరంలో కంసాలోళ్లు బంగారం కరగబెట్టేటప్పుడు వేస్తారే, అదే.

లోయలో ఏ ఖనిజం ఎంతుందో చూసేదానికి భూగర్భ శాఖ నుంచి ఒకాయన మనుషులతో వచ్చి ఉన్నాడు. మేము సర్వే సారు అనేవాళ్లం. మాది పట్టాళంలో ఇంజనీర్ల సెక్షన్. మంచు పడేలోపల ఆయన రాళ్లు పేల్చే మందుగుండు, మా డీజిలు దాచేదానికి కొండలో ఒక గది తొలచాల. అదీ ఆర్డరు.

మాలో పేర్లతో పిలుచుకునే అలవాటు లేదు. నేను ధర్మవరం. నాది చెన్నేకొత్తపల్లి పక్క పల్లె గానీ, రైలు టికెట్టు ధర్మవరానికే కదా. ఇంకొకడు హిందూపురం. పట్టాళంలో చేరకముందు మడకశిర పక్క గ్రానైట్ క్వారీలో చేసినోడు. వాని మాట సగం తెలుగు, సగం కన్నడం, తిట్లు రెంటిలోనూ. నేనేమో రామగిరి బంగారు గనుల పక్కన పెరిగినోణ్ణి. మా నాయన జీవితమంతా భూమి లోపలే పనిచేసినాడు. రాయి గురించి మాకు ఇంకొకరు చెప్పేదేముంది అని ఇద్దరికీ పొగరు.

మా పక్క రాతిపనోళ్లకు ఒక పద్ధతి ఉండాది. కప్పు కిందికి పోయే ముందర గడ్డపారతో తట్టి వినాల. ఖణేల్‌మంటే రాయి గట్టిది. డొల్లగా పలికితే ఊడొస్తాది, దూరం జరగాల. నాయన అట్లే బతికి బయటపడినాడు. హిందూపురం కూడా రోజూ పొద్దున తట్టి విని, "ఏం కాదప్పా, గంట మోగినట్టు మోగతాండాది" అని లోపలికి దూరేవాడు.

ఆ దినం పొద్దున కూడా మోగింది. మధ్యాహ్నానికి ఎండ నేరుగా గోడ మీద పడింది. నేను బయట పారతో రాళ్లెత్తి పోస్తాండా. కప్పు అంచు నుంచి ఒక చుక్క నా చేతి మీద పడింది. వాన లేని చోట నీళ్లు యాడివి?

"హిందూపురం, బయటికి రా."

"ఇదొక్క దెబ్బ ఉండప్పా."

కప్పు దిగిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. దుమ్ము అణిగినాక సందులోంచి వాని మొహం కనిపించింది. కుడికాలు బండ కింద. పైన, వాకిలికి అడ్డంగా, ఎద్దులబండి అంత పలక ఇంకా వేలాడతా నీళ్లు కారుస్తాండాది.

నేను దూరబోతే హవల్దార్ నా బెల్టు పట్టి వెనక్కి లాగినాడు. సర్వే సారు వచ్చి కప్పును చూసినాడు.

"ఈ పలకరాయి నిండా పగుళ్లే. లోపలి నీళ్లు గడ్డకట్టి దాన్ని పట్టుకుని ఉన్నాయి. పొద్దున గట్టిగా మోగింది ఆ మంచు వల్లే. ఎండకు కరిగిపోతోంది. నీడ పడి మళ్లీ గడ్డకట్టేదాకా ఎవరు ముట్టుకున్నా మిగిలింది కూడా వాడి మీదే పడుతుంది."

గుంజలు పెడదామంటే కట్టె లారీ ఇంకా రాలేదు. రేడియోలో మా కంపెనీ హెడ్‌క్వార్టర్ నుంచి జవాబు వచ్చింది: "హెలికాప్టర్ రేపు పొద్దున. అక్కడ నిర్ణయం హవల్దార్‌ది. ఓవర్." హవల్దార్ గోడను చూసినాడు, మమ్మల్ని చూసినాడు. "ఆగుదాం" అన్నాడు.

నేను పలకకు ఇవతల నేల మీద బోర్లా పడుకొని వానితో మాట్లాడతాంటి.

"ఏమబ్బా, యాల రారు?"

"నీడ పడాల. చలికి కప్పు బిగుస్తాది. అప్పుడు వస్తాము."

"బూటులోకి నీళ్లు దిగినాయప్పా. కాలు తెలీకుండా పోతాండాది. ఇంకా చలైతే ఈ కాలు ఏమైతాది?"

కప్పును పట్టి నిలిపే చలే వాని కాలును తినేస్తాది. అది వానికీ తెలుసు, నాకూ తెలుసు. ఏడుపొచ్చింది, ఏడ్చినా. వాడు విన్నాడు.

"ఏడవద్దురా. నా బిస్కెట్ ప్యాకెట్ నీకు రాసిచ్చేది లేదు."

అంతవరకు మేము చలిని తిట్టని పూట లేదు. ఆ పొద్దు మాత్రం అందరమూ ఎదురుగోడను చూస్తా, చలి తొందరగా రావాలని మొక్కుకున్నాము. నీడ నది దాటింది. వంకాయ రంగు రాయి నల్లబడింది. పలుగురాయి తెలుపు చివరికి ఆరింది. కారే చుక్కలు నిదానించి, నిలిచిపోయినాయి. సారు పలక మీద అరచెయ్యి పెట్టి, "ఇంకొంచెం" అన్నాడు. వానికి దుప్పటి కూడా అందించలేని ఆ కొంచేపు నాకు అన్నిటికన్నా కష్టం. తర్వాత ఆయన తలూపినాడు. హవల్దార్ ముందర, నేను వెనక. కప్పుకు ఒళ్లు తగలకుండా పాక్కుంటా పోయి, గడ్డపారతో బండ లేపి వాణ్ణి ఈడ్చుకొచ్చినాము.

మర్నాడు ఎండ పడతానే ఆ పలక కూలింది. అప్పటికి వాడు హెలికాప్టర్‌లో పోయినాడు. ఆసుపత్రిలో కుడిపాదం తీసేసినారు.

మిగతా కాలం నేను ఆ లోయలోనే చేసినా. ఇంకో చోట, గుంజలు పెట్టి, గది తొలిచినాము. ఎండాకాలం సెలవిచ్చినారు. ధర్మవరంలో రైలు దిగి, ఇంటికి పోయి నాయనకు అంతా చెప్పినా. ఆయన "మంచు గూడా మోగతాదా నాయనా" అన్నాడు.

తర్వాత వాణ్ణి, మా హిందూపురాన్ని, చూసేదానికి వాళ్ల ఊరు పోయినా. వాళ్లన్నది బజారులో సైకిలు అంగడి. మే నెల, మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్కలు కూడా అరుగుల కింద దూరినాయి. వాడొక్కడే పెట్టుడు పాదమున్న కాలు చాపుకొని, కుర్చీ వేసుకొని, నడిఎండలో కూచోనుండాడు.

"ఏమప్పా ధర్మవరం, ఎప్పుడు వస్తివి?" అని నవ్వినాడు. టీ తెప్పించినాడు. నేను చెప్పాలనుకున్నది నోట్లోకి రాకముందే, "మీరు ఆగింది సరే. దూరింటే అందరమూ పోతాంటిమి" అన్నాడు. నమ్మి చెప్పినాడో, నా కోసం చెప్పినాడో, ఈపొద్దుకీ నాకు తెలీదు.

ఆ తర్వాత పట్టాళంలో చాలా చూసినా. కండ్లు మూస్తే వచ్చేది మాత్రం ఇదొక్కటే. ఆ పొద్దు సైకిలంగడి ముందర మాట్లాడతాండగా అంగడి నీడ జరిగి వాని కుర్చీ దగ్గరికొచ్చింది. వాడు టీ గ్లాసు కింద పెట్టి, లేచి, కాలు ఈడ్చుకుంటా కుర్చీని ఎండలోకి లాక్కున్నాడు. నేను కూడా లేచి, నా స్టూలు వాని పక్కకు జరుపుకున్నా.