ఆముదం కలిపిన పెట్రోలు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో ఆముదం వాసన గుప్పుమందంటే, ఆ ఆదివారం ఎవరికో ఒకరికి తల పగులుతుందని అర్థం.

మా ఇల్లు గుణదలలో. నాన్నకి ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు ఉండేది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో, చర్చి నుంచి రాగానే అందరం బందరు కాలువ కట్ట మీదికి బైకు పందేలకి పోయేవాళ్ళం. జోజి బాబాయి బండి నడిపేవాడు, నాన్న ఇంజన్ చూసుకునేవాడు. హెల్మెట్లు లేవు, నియమాలు లేవు... ఓడినవాళ్ళు మాత్రం ఊరికే ఇంటికి పోయేవాళ్ళు కాదు. సైకిల్ చైన్లు లేచేవి, పళ్ళు రాలేవి.

ఆ పాత టూ స్ట్రోక్ బండ్లకి ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోయాలి. బంకులో దొరికే ఆయిల్ నాన్నకి ఆనేది కాదు. నాయనమ్మ గింజలు వేయించి, దంచి, మరగబెట్టి తీసిన వంటాముదమే కావాలి. నా జడలకి రాయాల్సింది కాస్తా ఇంజన్ తాగేసేది.

అంతటితో ఆగితేనా... బండికి ఊపు వస్తుందని నాయనమ్మ చీరల పెట్టెలోని కలరా ఉండలు పెట్రోల్లో వేసేవాడు. నా పెన్సిళ్ళు చీల్చి, లోపలి ముల్లు నూరి, ఆ నల్లపొడి పిస్టన్‌కి పట్టించేవాడు. ఇదేంటి నాన్నా అంటే వీపు మీద ఒకటి పడేది. పెన్సిల్ లేదని బళ్ళో ఇంకొకటి.

ఆముదంతో ఒక చిక్కు ఉంది. అది పెట్రోల్లో సరిగ్గా ఇమడదు... కాసేపు కదలకుండా ఉంచితే అడుక్కి దిగిపోతుంది. నూనె అందకపోతే ఇంజన్ వేడెక్కి బిగుసుకుపోతుంది. అందుకని ట్యాంకులో పోసే ముందు క్యాను బాగా కుదపాలి. ఆ పని నాన్న ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

ఒక ఆదివారం మాకు పోటీ కోటి మావయ్య బండి. మా పక్క షెడ్డు ఆయనదే. ఏ చుట్టరికమూ లేదు గానీ మావయ్యా అనే పిలిచేదాన్ని. నాన్నా ఆయనా ఒకే గ్లాసులో టీ పంచుకు తాగేంత స్నేహం. మా క్యాను ఎండలో ఉండటం చూసి, పెట్రోలు ఆవిరైపోతుందని ఆయనే దాన్ని తీసుకెళ్ళి తుమ్మచెట్టు నీడలో పెట్టాడు. ఆ చెట్టు కిందే నాయనమ్మ జపమాల పట్టుకుని కూర్చుని ఉంది. పందేలని తిట్టిపోసేది, అయినా ప్రతిసారీ వచ్చేది.

ఈలోపు పందెం మొదలయ్యే గీత దగ్గర గొడవ. మావయ్య బండి నడిపే కుర్రాడు చక్రం ముందుకు జరిపాడని నాన్న వాడి చొక్కా పట్టుకుని చెంప వాయించాడు. నలుగురూ కలిసి విడదీశారు. నాన్న ఆ రొప్పుతోనే వచ్చి, తిట్టుకుంటూ క్యాను ఎత్తి ట్యాంకు నిండేదాకా పోసేశాడు.

కాలువ నీళ్ళు ఆపే లాకుల దాకా వెళ్ళి తిరిగి రావాలి. తిరిగొచ్చేటప్పుడు బాబాయే ముందున్నాడు... మా కళ్ళ ముందుకి వచ్చాక ఇంజన్ ఒక్కసారిగా కీచుమని పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి అడ్డం తిరిగి బాబాయిని ఎండిన కాలువలో రాళ్ళ మీదికి విసిరికొట్టింది. మోకాలి కింద ఎముక ప్యాంటు చీల్చుకుని బయటికి వచ్చింది. తెల్లగా ఉంది... అది నేను చూశాను.

జనమంతా కాలువలోకి దిగారు. నాన్న దిగలేదు. తమ్ముడు అరుస్తుంటే తమ్ముడి దగ్గరికి పోకుండా కోటి మావయ్య మీదికి పోయాడు.

"క్యాను ముట్టుకుంది నువ్వే. ఏం కలిపావురా అందులో?"

"ఒట్టన్నా... నీడలో పెట్టానంతే."

నాన్న చేతిలోకి కిక్ రాడ్ ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. మావయ్య కిందపడి, తల కాపాడుకోవడానికి కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాతి దెబ్బలన్నీ ఆ చేతి మీదే. పట్టుకోబోయిన వాళ్ళనీ కొట్టాడు. రక్తం మట్టిలో ఇంకిపోతోంది. మావయ్య "అన్నా... అన్నా" అంటూనే ఉన్నాడు.

అప్పుడు నాయనమ్మ లేచింది. క్యాను చంకన పెట్టుకుని వచ్చి నాన్న ముందు నిలబడింది.

"పోసేముందు కుదిపావా?"

నాన్న రాడ్ ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

"నిన్నేరా అడిగేది. కుదిపావా?"

ఆమె క్యాను మెల్లగా వంచింది. ముందు పలచటి పెట్రోలు కారితే నేల తాగేసింది. చివరికి చిక్కగా, పచ్చగా, తీగలు సాగుతూ ఆముదం దిగింది... పక్కనే ఉన్న నెత్తురు మీదికి.

"ఆముదమంతా ఇక్కడే ఉందిరా" అంది నాయనమ్మ.

రాడ్ నాన్న చేతిలోంచి జారిపోయింది.

ఇద్దరినీ ఒకే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బాబాయి కొన్నాళ్ళకి నడిచాడు. కోటి మావయ్య వేళ్ళు మాత్రం మళ్ళీ ముడుచుకోలేదు. స్పానర్ పట్టుకోలేని మెకానిక్ ఏం చేస్తాడు... షెడ్డు మూసేసి వన్ టౌన్‌లో ఒక గోడౌన్‌కి కాపలాగా చేరాడు. నాన్న ఒక్కసారి కూడా వెళ్ళి తప్పయిపోయిందని చెప్పలేదు. ఇంతకాలమైనా ఆ విషయంలో నాన్న మీద నా కోపం చల్లారలేదు.

ఇప్పుడా బండ్లు లేవు. కట్ట మీద పందేలూ లేవు. ఇంట్లో ఆముదం కాచేవాళ్ళూ లేరు... జుట్టు పెరగడానికని చిన్న సీసాల్లో సూపర్ మార్కెట్లో అమ్ముతున్నారు. మూత తీసి చూశాను, ఆ వాసనే లేదు.

మీ చిన్నప్పటి ఇంట్లో కూడా ఏదో ఒక వాసన ఉండే ఉంటుంది, తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది... చెప్పాలనిపిస్తే కింద రాయండి.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. దగ్గు మందు సీసా చేతికిస్తే మూత తీయడానికి ముందు కుదుపుతాడు... చాలాసేపు కుదుపుతాడు. నిన్న మంచినీళ్ళ సీసా ఇచ్చాను. దాన్నీ కుదిపాడు.